అమ్మ సమాధి రాయి మీద ఏ మాట?

ప్రశ్న: మాస్టారు గారికి వందనాలు. మాది తెనాలి దగ్గర ఒక పల్లెటూరు. మా సంఘంలో సండే స్కూలు పిల్లలకు చెబుతాను. జనవరిలో మా అమ్మ ప్రభువునందు నిద్రించింది. జ్ఞాపకార్థ కూడికకు వచ్చిన ఒక బోధకుడు, "పునరుత్థానానికి గ్రీకులో అనాస్తసిస్ అంటారు, ఆ మాటకు నిలబడటం అనే తప్ప మళ్లీ బతకడం అనే అర్థం లేదు. లాజరు, యాయీరు కూతురు లేచింది పునరుత్థానం కాదు, వాళ్ల విషయంలో ఆ మాట వాడకూడదు" అన్నారు. మా తమ్ముడికి వాట్సాప్‌లో వచ్చిన మెసేజిలో, మళ్లీ బతకడానికి అసలు మాట "అనజావో" అని ఉంది. ఇంకో సంగతి. మా పక్కింటి టీచరుగారు అమ్మను చాలా ప్రేమగా చూసుకున్న మనిషి. ఆవిడ నన్ను, "పునరుత్థానం అంటే మా పునర్జన్మ లాంటిదేనా అమ్మా?" అని అడిగారు. నేను జవాబు చెప్పలేకపోయాను. అమ్మ సమాధికి రాయి చెక్కించాలి. చెక్కే ఆయన అక్షరానికి ఇంత అని తీసుకుంటారు, చిన్న మాటే పెట్టించగలం. "పునరుత్థానం" అనాలా, "లేచును" అనాలా, "బ్రదుకును" అనాలా? ఏ మాట సరైనదో తేలక చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. టెన్షన్ పడకండి. మీరు రాసిన మూడు మాటలూ సరైనవే, మూడూ గ్రీకు కొత్త నిబంధనలో ఉన్నవే. ఒకదాని తర్వాత ఒకటి చూద్దాం. రాయి సంగతి చివర్లో చెబుతాను.

ముందు ఆ బోధకుడి మాట. అనాస్తసిస్‌లో "అనా" అంటే పైకి, మళ్లీ. "స్తసిస్" అంటే నిలబడటం. అంతవరకు ఆయన చెప్పింది నిజమే. పడుకున్నవాడు, కూర్చున్నవాడు, పడిపోయినవాడు లేచి నిలబడితే అది అనాస్తసిస్. బాలుడైన యేసును ఎత్తుకుని సుమెయోను, ఇశ్రాయేలులో అనేకులు "పడుటకును తిరిగి లేచుటకును" ఈయన నియమింపబడ్డాడని చెప్పిన చోట లూకా రాసింది ఈ మాటే. అక్కడ చావు ప్రస్తావనే లేదు. అయితే కొత్త నిబంధనలో ఈ మాట 42 సార్లు వస్తే, దాదాపు అన్నిచోట్లా చనిపోయినవాళ్లు లేవడం గురించే వస్తుంది. మాటకు పుట్టుక ఒకటి ఉంటుంది, వాడుక ఒకటి ఉంటుంది. అర్థాన్ని తేల్చేది వాడుకే. "పెళ్లి" అన్న మాట ఎక్కడి నుంచి పుట్టిందో తెలియనివాడికి కూడా పెళ్లంటే ఏమిటో తెలుసు కదా.

పైగా చనిపోయినవాళ్లు లేవడం అనే అర్థాన్ని క్రైస్తవులు ఈ మాటకు కొత్తగా తగిలించలేదు. యేసు పుట్టక ముందు నుంచే గ్రీకులకు ఆ అర్థం తెలుసు. తెలుసు గానీ, అలా జరగదు అని చెప్పడానికే దాన్ని వాడేవారు. గ్రీకు కవి హోమర్ ఇలియడ్ కావ్యంలో, కొడుకు శవం కోసం వచ్చిన ముసలి రాజు ప్రియాముతో, ఆ కొడుకును చంపిన అఖిలెస్ అంటాడు: ఏడ్చి లాభం లేదు, నువ్వు అతన్ని లేపలేవు. ఆ "లేపడం" అనిస్తేమి అనే క్రియ. అనాస్తసిస్‌కు అది తల్లి. ఇక క్రీస్తు పూర్వం 458లో ఏథెన్సులో ఈస్కిలస్ ఒక నాటకం ఆడించాడు. అందులో విచారణ జరిగే చోటు అరేయొపగు కొండ. అక్కడ అపొల్లో దేవుడు చెప్పే మాటకు నా తెలుగు ఇది: "మనిషి ఒక్కసారి చచ్చి, వాడి నెత్తురు దుమ్ము తాగేశాక, ఇక అనాస్తసిస్ లేదు."

అయిదు వందల ఏళ్ల తర్వాత అదే అరేయొపగు దగ్గర పౌలు నిలబడ్డాడు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం ఈసారి ఈ సంగతి మనసులో పెట్టుకుని చదవండి. మృతుల అనాస్తసిస్ అన్న మాట వినగానే కొందరు అపహాస్యం చేశారు. అది అర్థం తెలియక నవ్విన నవ్వు కాదు. ఆ మాటకు నిలబడటమనే తప్ప వేరే అర్థం లేకపోతే నవ్వవలసిన పని ఏముంది? అంతకు ముందు సంతవీధిలో మాత్రం కొందరు పొరబడినట్టున్నారు. "యేసునుగూర్చియు పునరుత్థానమునుగూర్చియు" ప్రకటిస్తున్నాడు కాబట్టి వీడు అన్యదేవతలను ప్రచురిస్తున్నాడు అన్నారు. నాలుగో శతాబ్దపు ప్రసంగీకుడు క్రిసోస్తోము, వాళ్లు అనాస్తసిస్‌ను ఒక దేవత పేరు అనుకున్నారని వివరించాడు. గ్రీకులో ఆ మాట స్త్రీలింగం, అందువల్ల అలా అనుకోవడానికి వీలుంది.

ఇప్పుడు లాజరు విషయం. ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. గ్రీకు చెప్పడం మొదలుపెట్టిన తొలి ఏళ్లలో నేను కూడా క్లాసులో మీ బోధకుడు చెప్పినట్టే చెప్పేవాణ్ని. లాజరు మళ్లీ చనిపోయే శరీరంతో లేచాడు, క్రీస్తు ఇక చనిపోని శరీరంతో లేచాడు, కాబట్టి రెండోదే అనాస్తసిస్, మొదటిది కాదు అని బోర్డు మీద గీత గీసి మరీ చూపించేవాణ్ని. ఒకరోజు వెనక బెంచీలో ఒక విద్యార్థి లేచి, "సార్, హెబ్రీ 11:35లో ఏముంది?" అని అడిగాడు. అక్కడే గ్రీకు పుస్తకం తెరిచాను. "స్త్రీలు మృతులైన తమవారిని పునరుత్థానమువలన మరల పొందిరి." సారెపతు విధవరాలు, షూనేమీయురాలు తమ పిల్లల్ని తిరిగి చేతుల్లోకి తీసుకున్న సంగతి అది. ఆ పిల్లలు మళ్లీ ఈ లోకంలో పెరిగి, ఈ లోకంలోనే చనిపోయినవాళ్లు. అయినా అక్కడున్న మాట అనాస్తసిస్. వెంటనే అదే వచనంలో, కొందరు "మరి శ్రేష్ఠమైన పునరుత్థానము" కోరి విడుదల వద్దన్నారని ఉంది. అక్కడా అనాస్తసిసే. ఒకే వచనంలో ఒకే మాట రెండు లేవడాలకూ వచ్చింది, రెండోదాని పక్కన "శ్రేష్ఠమైన" అని చేర్చవలసి వచ్చింది. తేడా ఉంది, చాలా పెద్ద తేడా. కానీ ఆ తేడా సందర్భాన్ని బట్టి తెలుస్తుందే గానీ, మాటలోనే ఇమిడి లేదు. ఆ రోజు బోర్డు మీద గీత తుడిచేశాను. సిద్ధాంతం చెప్పుకోవడానికి మీ బోధకుడి విభజన పనికొస్తుంది. "ఆ మాట వాడకూడదు" అంటే మాత్రం హెబ్రీ పత్రిక ఒప్పుకోదు.

తెలుగు బైబిలు చదివే మనకు ఒక నష్టం జరిగింది, అది ఎక్కువమంది గమనించరు. మనకు నామవాచకం "పునరుత్థానము", క్రియ "లేచు". ఒకటి పెద్ద సంస్కృత మాట, పలకడానికే పిల్లలు తడబడతారు. రెండోది ఇంట్లో రోజూ వినే మాట. రెండింటికీ పైకి ఏ చుట్టరికమూ కనబడదు. గ్రీకులో అలా కాదు. అనాస్తసిస్ అన్న మాట చెవిన పడగానే అందులో "లేవడం" వినిపిస్తుంది. ఒక్క అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం తీసుకోండి. దమస్కు దారిలో పడిపోయిన సౌలుతో ప్రభువు, లేచి పట్టణంలోకి వెళ్లు అంటాడు. అననీయతో, నీవు లేచి తిన్ననిదనబడిన వీధికి వెళ్లు అంటాడు. ఎనిమిదేళ్లు మంచం పట్టిన ఐనెయాతో పేతురు, లేచి నీ పరుపు నీవే పరచుకో అంటాడు. చివరకు మేడగదిలో కడిగి పడుకోబెట్టిన తబితా శవం వైపు తిరిగి, "తబితా, లెమ్ము" అంటాడు. నాలుగు చోట్లా అనిస్తేమి అనే ఆ ఒక్క క్రియే. ప్రయాణానికి లేవడం, పక్క సర్దుకోవడానికి లేవడం, చావులోంచి లేవడం. ఆ ఊరి విధవరాండ్రు తబితా కుట్టిన అంగీలు పట్టుకుని ఏడుస్తున్నారు చూడండి, వాళ్ల మధ్యకు ఆమె ఆ రోజు లేచి వచ్చింది.

మరి "ఎగైరో" అని ఇంకో క్రియ ఉంది, మీ ఉత్తరంలో అది లేదు. నిజానికి సువార్తల్లోనూ పౌలు పత్రికల్లోనూ క్రీస్తు లేవడానికి ఎక్కువగా వాడింది దీన్నే. ఎగైరో అంటే నిద్ర లేపడం. తుపానులో దోనె మునిగిపోయేలా ఉన్నప్పుడు, తలగడ మీద నిద్రపోతున్న యేసును శిష్యులు లేపారు కదా, అక్కడ మార్కు రాసింది ఎగైరో. సమాధి దగ్గర స్త్రీలతో "ఆయన లేచియున్నాడు, ఇక్కడ లేడు" అన్నచోట కూడా ఎగైరో. కొరింథీయులకు పౌలు, "మూడవదినమున లేపబడెను" అని రాశాడు, ఆయన్ను తండ్రి లేపాడు అన్న భావం అక్కడ తెలుగులో చక్కగా నిలిచింది. రెండు క్రియలూ పక్కపక్కన కావాలంటే ఎఫెసీ 5:14 చూడండి: "నిద్రించుచున్న నీవు మేల్కొని మృతులలోనుండి లెమ్ము." మేల్కొనడం ఎగైరో, లేవడం అనిస్తేమి.

ఇక్కడ తెలుగుకు ఉన్న ఒక అదృష్టం చెప్పాలి. మనకు "లేచు" అన్న ఒక్క మాటే రెండు పనులూ చేస్తుంది. పొద్దున్నే లేచాను అంటే మెలకువ వచ్చింది. కుర్చీలోంచి లేచాను అంటే నిలబడ్డాను. నా చిన్నప్పుడు మా అమ్మ కళ్లాపి చల్లి వచ్చి, తడి చేత్తోనే నా చెయ్యి పట్టుకుని, "లేరా, తెల్లారింది" అని లాగేది. చలికాలంలో ఆ తడి చెయ్యి తగిలితే ఒళ్లు జల్లుమనేది. మా నాన్న ఊళ్లో ఉపదేశి. కుటుంబ ప్రార్థనలో మార్కు 5వ అధ్యాయం చదివినప్పుడల్లా, యేసు యాయీరు కూతురి చెయ్యి పట్టుకుని "తలీతాకుమీ" అన్న చోట నాకు మా అమ్మే కనబడేది. గ్రీకు నేర్చుకున్నాక చూస్తే, ఆయన పలికిన అరమాయిక్ మాటకు మార్కు అర్థం రాసింది ఎగైరోతో: మేలుకో, లే. తర్వాతి మాటలో ఆ పిల్ల లేచి నడిచింది అనడానికి అనిస్తేమి వాడాడు. ఇంటినిండా ఏడుపులు, ఆయనేమో "ఈ చిన్నది నిద్రించుచున్నదే గాని చనిపోలేదు" అన్నాడు. పొద్దున్నే పిల్లల్ని లేపే మాటే ఆ ఇంట్లో మాట్లాడాడు. అందుకే మనవాళ్లు "ప్రభువునందు నిద్రించారు" అని కార్డు మీద అచ్చు వేస్తే నాకు అది మర్యాద కోసం వేసిన మాటలా అనిపించదు. నిద్ర అన్నాక లేపేవాడు ఉన్నాడన్న నమ్మకంతో వేసిన మాట అది.

ఇస్తాంబుల్‌లో ఖోరా అనే పాత మఠంలో 14వ శతాబ్దపు గోడ చిత్రం ఒకటి ఉంది. దాని పేరు అనాస్తసిస్. తెల్లని వస్త్రాల్లో ఉన్న క్రీస్తు ఒక చేత్తో ఆదామును, ఇంకో చేత్తో హవ్వను సమాధుల్లోంచి పైకి లాగుతుంటాడు. ఫొటోలోనే చూశాను. అందులో ఆయన పట్టుకున్నది వాళ్ల అరచేతుల్ని కాదు, మణికట్లను. పట్టుకునే శక్తి వాళ్లకు లేదు, పట్టంతా ఆయనదే. ఎగైరో అన్న మాటను బొమ్మగా గీయమంటే అంతకంటే బాగా గీయలేరు.

ఇక మీ తమ్ముడికి వచ్చిన మెసేజిలోని అనజావో. జావో అంటే జీవించు, అనజావో అంటే మళ్లీ బతుకు. మాట నిజమే, కానీ అదొక్కటే అసలు మాట అనడం నిజం కాదు. కొత్త నిబంధనలో అది వచ్చే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాటిలోనూ అన్నీ చనిపోయినవాళ్ల గురించి కావు. రోమా 7:9లో "పాపమునకు మరల జీవము వచ్చెను" అన్నది ఆ క్రియే. అందరికీ తెలిసిన చోటు తప్పిపోయిన కుమారుడి కథ. "ఈ నా కుమారుడు చనిపోయి మరల బ్రదికెను" అని తండ్రి అన్నది అనజావోతోనే. ఆ కథలో దానికంటే ముందు ఇంకోటి ఉంది. పందుల దగ్గర కూర్చున్న కొడుకు "నేను లేచి నా తండ్రియొద్దకు వెళ్లుదును" అనుకున్నాడే, ఆ "లేచి" అనిస్తేమి. కొడుకు లేచాడు అని ఒకసారి, బతికాడు అని ఒకసారి. లూకా ఆ రెండు మాటల్ని ఒకే కథలో పెట్టాడు. లేవడం వేరు, బతకడం వేరు అని విడగొట్టే బోధకు ఈ కథ సరిపోదు.

అమ్మా, గ్రీకు చెప్పిన ముప్పై ఏళ్లలో నాకు అన్నింటికంటే సంతోషం ఇచ్చిన సంగతి ఇప్పుడు చెబుతాను. గ్రీకు, సంస్కృతం ఒకే కుటుంబపు భాషలు. అనాస్తసిస్‌లోని "స్తా", ఉత్థానంలోని "స్థా" ఒకే ధాతువు నుంచి వచ్చినవి. మన స్థానం, స్థితి, స్థిరం అన్నీ అక్కడివే. ఉత్ అంటే పైకి, స్థా అంటే నిలబడు, కలిస్తే ఉత్థానం. అనా అంటే పైకి, స్తసిస్ అంటే నిలబడటం. పునరుత్థానం అనే మాట ఎంచుకున్న అనువాదకులు గ్రీకు మాటకు దూరపు చుట్టాన్నే తెచ్చి మన బైబిల్లో పెట్టారు. ఎగైరోకు చుట్టం మన జాగరణ, జాగ్రత్త. గెత్సేమనేలో "మెలకువగా ఉండి ప్రార్థన చేయుడి" అన్నచోట గ్రీకు క్రియ ఎగైరో నుంచి పుట్టినదే. జావోకు చుట్టం జీవం. అనజావోను ముక్కముక్కగా సంస్కృతంలో పెడితే ఉత్ జీవం, అంటే ఉజ్జీవం! మన ఊళ్లలో గోడల మీద "ఉజ్జీవ సభలు" అని పోస్టరు కనబడితే, ఆ తండ్రి తన కొడుకును చూసి అన్న మాటే అక్కడ అంటించి ఉందని నాకు అనిపిస్తుంది. తెలుగు చదివే సండే స్కూలు పిల్లలకు ఈ మూడు చుట్టరికాలూ చెప్పండి. గ్రీకు అంటే ఉన్న భయం సగం పోతుంది.

టీచరుగారి ప్రశ్న. ఆవిడ ప్రేమతో అడిగారు, మీరూ అలాగే జవాబు చెప్పండి. రెండు మాటల్లోనూ "పునర్" ఉంది కాబట్టి ఆ సందేహం ఎవరికైనా వస్తుంది. జన్మ అంటే పుట్టడం. పునర్జన్మలో జీవుడు ఇంకో తల్లి కడుపున, ఇంకో శరీరంతో, ఇంకో పేరుతో పుడతాడు. ఉత్థానం అంటే లేవడం. ఎవరు పడుకున్నారో వాళ్లే లేస్తారు. మరియ కొడుకుగా సిలువ మీద చనిపోయినవాడే లేచి, మగ్దలేనే మరియను పేరు పెట్టి పిలిచాడు, శిష్యులకు చేతులు చూపించాడు. గ్రీకులో మళ్లీ పుట్టడానికి "పాలింగెనెసియా" అని వేరే మాట ఉంది. జీవుడు దేహం మారడం గురించి చెప్పిన పైథాగరస్ అనుచరులు దాన్ని వాడేవారు. ఆ మాట కొత్త నిబంధనలో రెండే చోట్ల వస్తుంది. మత్తయి 19:28లో లోకమంతా కొత్తది కావడం గురించి. తీతు 3:5లో "పునర్జన్మసంబంధమైన స్నానము" అని, ఇప్పుడు ఈ బతుకులోనే దేవుడిచ్చే కొత్త పుట్టుక గురించి. చనిపోయినవాళ్ల విషయానికి వచ్చేసరికి ఆ మాట చేతికి అందేంత దూరంలో ఉన్నా అపొస్తలులు దాన్ని తీసుకోలేదు. లేవడం అన్న మాటే తీసుకున్నారు. టీచరుగారితో ఇలా చెప్పండి: "మా అమ్మ వేరే ఎవరిగానో పుడుతుందని కాదండీ, మీరు మజ్జిగ తాగించిన మా అమ్మే లేస్తుందని మా నమ్మకం." మజ్జిగ సంగతి నా ఊహ. ఆవిడ మీ అమ్మకు ఏం చేసి పెట్టేవారో మీకు తెలుసు, అది చెప్పండి.

ఇప్పుడు రాయి. "పునరుత్థానము" పెట్టిస్తే తప్పు లేదు. కానీ చెక్కేటప్పుడు థ కింద థ అని, త కింద థ అని గొడవ వస్తుంది, చాలా సమాధుల మీద అది తప్పుగా ఉండటం చూశాను. "బ్రదుకును" మంచి మాటే, యోహాను 11:25లో ఉంది. నన్ను అడిగితే దానికి రెండు వచనాల ముందు లాజరు సహోదరి మార్తతో యేసు అన్న మాట తీసుకోండి: "నీ సహోదరుడు మరల లేచును." చివరి రెండు మాటలు చాలు. అమ్మ పేరు, రెండు తేదీలు, కింద "మరల లేచును". గ్రీకులో అది అనిస్తేమి. అనాస్తసిస్ అందులోనే ఉంది. మా అమ్మ రాయి మీద నేను పెట్టించింది కూడా అదే.

చెక్కే ఆయనకు కాగితం మీద పెద్ద అక్షరాలతో మీరే రాసి ఇవ్వండి. "మరల"లో ల అని ఒకటికి రెండుసార్లు చెప్పండి, ళ వేస్తే మళ్లీ దిద్దడం కుదరదు. ఈస్టరు లోపు చేయిస్తే మంచిది. ఆ తెల్లవారుజామున మీ ఊరివాళ్లంతా కొవ్వొత్తులతో సమాధుల దగ్గరకు వస్తారు కదా, అక్షరాలు తూర్పుకు తిరిగి ఉండేలా రాయి నిలబెట్టించండి. వెలుగు వచ్చేసరికి చదవడానికి వీలుగా ఉంటుంది.